కరక్కాయ, బెల్లం, తుప్పు మేకులు: గుడ్డసంచి మీద ముగ్గు వేసిన 47 రోజులు

నాకు కావలసినవి రెండే. మార్కెట్‌కి తీసుకెళ్ళే గుడ్డసంచి మీద మా ఇంటి ముగ్గు, గదిలో ఖాళీగా ఉన్న గోడకి ఒక గుడ్డ. షాపుల్లో దొరికే ఫ్యాబ్రిక్ పెయింట్ వద్దనుకున్నాను. అది గుడ్డ మీద పొరలా కూర్చుంటుంది, సంచి మడిచిన చోటల్లా పగులుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు గీసే నల్ల గీత గుడ్డలోనే ఉంటుంది. ఆ నలుపుకి కావలసిన సరుకంతా పచారీ కొట్లోనూ పాత ఇనుప సామాను కొట్లోనూ దొరుకుతుంది. అందుకే ఆ దారి పట్టాను.

ఇది కలంకారీ అని నేను అనను. అందులో ఎరుపు, పసుపు, నీలం వరుసగా ఎక్కుతాయి, ఏళ్ళ తరబడి చెయ్యి తిరిగినవాళ్ళు చేసే పని అది. నేను తీసుకున్నది నల్ల గీత ఒక్కటే. ఎవరైనా ఇంట్లో చేసుకోవాలనుకుంటే నేను పాడుచేసిన సంచి వాళ్ళు పాడుచేయకూడదని కొలతలతో సహా రాస్తున్నాను. ఉండేది హైదరాబాద్‌లో అద్దె పోర్షన్, రెండో అంతస్తు. పనంతా బాల్కనీలో, బాత్రూమ్‌లో.

దశ 1: సిరా (1వ రోజు నుంచి 28వ రోజు వరకు)

నీళ్ళలో బెల్లం, తాటిబెల్లం, తుప్పు ఇనుము వేసి పులియబెడితే వచ్చే సిరాని కసిమి అంటారు. జాడీలో అది నల్లగా ఉండదు, గోధుమరంగు నీళ్ళలా ఉంటుంది. కరక్కాయ పట్టించిన గుడ్డకి తగిలాకే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే పుట్టే నలుపు అది.

మొదటిసారి వేసినవి:

1. నీళ్ళు 1 లీటరు
2. బెల్లం 100 గ్రాములు
3. తాటిబెల్లం 50 గ్రాములు
4. హార్డ్‌వేర్ షాపులో కొన్న కొత్త మేకులు అర కిలో
5. మూత బిగించే గాజు సీసా

ఇందులో రెండు తప్పులు ఉన్నాయి. 3వ రోజు పొద్దున చూస్తే మూత ఎగిరి బాల్కనీ చివర పడి ఉంది, గోడ మీద జిడ్డు మరకలు. పులిసేటప్పుడు గాలి పుడుతుంది, అది బయటికి పోవడానికి దారి ఉండాలి. ఆ రోజు నుంచి మూత తీసేసి పల్చటి గుడ్డ కట్టి, దారంతో చుట్టాను.

రెండో తప్పు తెలియడానికి 9 రోజులు పట్టింది. 9వ రోజున కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన చిన్న గుడ్డముక్క మీద ఒక చుక్క వేశాను. లేత బూడిదరంగు వచ్చింది, అంతే. అరగంట చూశాను, గంట చూశాను, మారలేదు. మేకులు బయటికి తీసి చూస్తే ఒక్కదానికీ తుప్పు లేదు, కొన్నప్పటిలాగే మెరుస్తున్నాయి. అవి జింకు పూత ఉన్న మేకులు. తుప్పు పట్టకుండా వేసిన పూత అది, నాకు కావలసింది తుప్పే.

10వ రోజున పాత ఇనుప సామాను కొట్టుకి వెళ్ళాను. విరిగిన గొళ్ళేలు, వంగిన మేకులు, ఒక గేటు కీలు, అన్నీ ఎర్రగా తుప్పు పట్టినవి, అర కిలో. పూత ఉన్నవి, స్టెయిన్‌లెస్ స్టీలువి ఏరి పక్కన పెట్టాను. గ్రీజు ఉన్నవాటిని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాను, తుప్పు మాత్రం రుద్దలేదు. ఈసారి పాత ఆవకాయ జాడీ వాడాను. నీళ్ళు, బెల్లం, తాటిబెల్లం కొలతలు మార్చలేదు.

2, 3 రోజుల్లో నురగ లేచింది. రోజుకోసారి చెక్క గరిటెతో కలిపాను. వారం దాటాక నురగ తగ్గి, పుల్లటి, ఇనుప వాసన మొదలైంది. వంటింట్లో పెట్టకండి. 20వ రోజున, అంటే జాడీ పెట్టిన 10 రోజులకి, చుక్క ముదురు బూడిదరంగు. 28వ రోజున, అంటే 18 రోజులకి, చుక్క పడిన నిమిషంలోపే నల్లబడింది. మరుసటి రోజు గీత మొదలుపెట్టాలి కాబట్టి అప్పుడే పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాను. 750 మి.లీ. సిరా మిగిలింది.

ఖర్చు: మొదటిసారి బెల్లం 10, తాటిబెల్లం ప్యాకెట్ 40 (సగం రెండోసారికి వచ్చింది), కొత్త మేకులు 35. రెండోసారి బెల్లం 10, పాత ఇనుము 15.
ఇప్పటివరకు: 110 రూపాయలు.

దశ 2: గుడ్డని సిద్ధం చేయడం (11వ రోజు నుంచి 17వ రోజు వరకు)

సిరా పులిసేలోపు ఈ పని పెట్టుకున్నాను. రంగు వెయ్యని, తెల్లబరచని కాటన్ సంచులు రెండు కొన్నాను, ఒక్కొక్కటి 80. కొత్త సంచికి గంజి ఉంటుంది. అది పోకపోతే కరక్కాయ లోపలికి దిగదు. వేడినీళ్ళలో బట్టల సబ్బు పొడి వేసి గంట నానబెట్టి, ఉతికి, మళ్ళీ వేడినీళ్ళలో జాడించాను.

ఉతకక ముందు: 38 × 42 సెం.మీ.
ఉతికి ఆరాక: 36.5 × 39.5 సెం.మీ.

పొడవులో రెండున్నర సెంటీమీటర్లు తగ్గింది. గీసిన తర్వాత ఉతికి ఉంటే ముగ్గు కూడా దానితోపాటు ముడుచుకుపోయేది. కొలత ఎప్పుడూ ఉతికాకే తీసుకోండి.

తర్వాత కరక్కాయ, పాలు. పాలెందుకంటే, వాటిలోని కొవ్వు గుడ్డలో చేరి సిరా పాకకుండా ఆపుతుంది. శ్రీకాళహస్తిలో గేదెపాలు, అదీ కాచనివి వాడతారు. నాకు దొరికేవి ప్యాకెట్ పాలు. వాటితో పని జరుగుతుందో లేదో చూడటానికి నాన్న పాత పంచె చింపి మూడు ముక్కలు చేసి, పనికిరాకుండా పోయిన మొదటి సిరాతోనే 2 మి.మీ. గీతలు గీశాను. రంగు లేతగా ఉన్నా ఎంత పాకిందో కొలవడానికి అది చాలు. ఆరాక స్కేలుతో చూస్తే:

- పాలు లేకుండా, కరక్కాయ నీళ్ళు మాత్రమే: గీత 6 మి.మీ. అయింది
- టోన్డ్ పాలు, 3 శాతం కొవ్వు: 4 మి.మీ.
- ఫుల్ క్రీమ్ పాలు, 6 శాతం కొవ్వు: 3 మి.మీ.

ఫుల్ క్రీమ్ ఖాయం చేసుకున్నాను. పాలు కాచకూడదు, ప్యాకెట్ కత్తిరించి పోయడమే.

సంచి 1కి కలిపింది ఇది:

1. కరక్కాయ పొడి 30 గ్రాములు, 350 మి.లీ. నీళ్ళలో రాత్రంతా నానబెట్టాను.
2. పొద్దున పల్చటి గుడ్డలో వడకట్టాను. వడకట్టకపోతే పొడి రేణువులు గుడ్డకి అంటుకుని, సిరా తగిలినప్పుడు అక్కడ ముదురు చుక్కలు పడతాయి. పంచె ముక్కల మీద అదే జరిగింది.
3. 250 మి.లీ. ఫుల్ క్రీమ్ పాలు కలిపాను.
4. ప్లాస్టిక్ టబ్బులో సంచి ముంచి 15 నిమిషాలు ఉంచాను.
5. పిండి ఎండలో ఆరేశాను.

ఐదో అడుగులో సంచి పోయింది. బాల్కనీలో బట్టలు ఆరేసే ఇనుప తీగ ఉంది. ఎప్పటిలాగే దాని మీద వేసి లోపలికి వచ్చాను. రెండు గంటల తర్వాత తీస్తే పై అంచు నుంచి 11 సెం.మీ. కింద, ఈ కొస నుంచి ఆ కొస దాకా స్కేలు పెట్టి గీసినట్టు నల్లటి గీత. ఇనుమూ కరక్కాయా తడిలో కలిస్తే నలుపు వస్తుందని పుస్తకంలో చదివినట్టు నాకు తెలుసు. ఆ కలయిక కోసమే రెండు వారాలుగా జాడీ కలుపుతున్నాను. అయినా తీగ ఇనుపదని తట్టలేదు. సంచికి పెట్టిన క్లిప్పుల స్ప్రింగులు తగిలిన రెండు చోట్ల కూడా పప్పుగింజంత మచ్చలు పడ్డాయి.

కాబట్టి కరక్కాయ పట్టించిన గుడ్డ దగ్గర ఇనుము ఉండకూడదు. తీగ, క్లిప్పు, పిన్నీసు, బాల్కనీ గ్రిల్, పాత బకెట్ కాడ, ఏదీ తగలకూడదు. 17వ రోజున 25 రూపాయలు పెట్టి ప్లాస్టిక్ తాడు కొని, తీగకి ఒక జానెడు కింద కట్టాను.

ఖర్చు: సంచులు 160, కరక్కాయ పొడి 100 గ్రాములు 50, టోన్డ్ పాలు అర లీటరు 30, ఫుల్ క్రీమ్ అర లీటరు 37, తాడు 25.
ఇప్పటివరకు: 412 రూపాయలు.

దశ 3: చుక్కలు, గీత, రెండో దెబ్బ (29వ రోజు నుంచి 33వ రోజు వరకు)

నల్ల గీత పడినా సంచి 1 మీదే మొదటి ముగ్గు వేశాను. చెయ్యి అలవాటు కావాలి కదా అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ నిర్ణయం మంచిదే అయింది.

ముగ్గు లెక్క కోసం అమ్మకి ఫోన్ చేశాను. "ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్కే. మధ్య వరుసలో ఏడు పెట్టి పైకి ఆరు, ఐదు, నాలుగు. కిందికీ అంతే" అంది. లెక్కేస్తే 7 + 2 × (6 + 5 + 4), మొత్తం 37 చుక్కలు, 7 వరుసలు.

చుక్కల మధ్య 3 సెం.మీ. అనుకుని, వరుసల మధ్య కూడా 3 సెం.మీ. పెట్టి కాగితం మీద వేశాను. ముగ్గు నిలువుగా సాగిపోయింది, కోడిగుడ్డులా. ఫొటో తీసి అమ్మకి పంపిస్తే "వరుసలు దగ్గరికి రావాలే, సందులో కూర్చోవాలి చుక్క" అంది. వాకిట్లో వంగి వేసేటప్పుడు ఎవరూ స్కేలు పట్టుకోరు, కన్నే సర్దుకుంటుంది. కాగితం మీద దాన్ని లెక్కగా మార్చాలి. పక్కపక్క మూడు చుక్కలు సమభుజ త్రిభుజం కావాలంటే వరుసల మధ్య దూరం 3 × 0.866, అంటే 2.6 సెం.మీ. అలా మార్చాక ముగ్గు 18 సెం.మీ. వెడల్పు, 15.6 సెం.మీ. ఎత్తు వచ్చి సరిగ్గా కూర్చుంది. సైజు మార్చుకోవాలంటే చుక్కల దూరాన్ని 0.866తో గుణించండి, వచ్చేది వరుసల మధ్య దూరం.

గుడ్డ మీద గుర్తులకి మూడు ప్రయత్నాలు పట్టాయి. పెన్సిల్ గీత పాలు పట్టిన గుడ్డ మీద చెరగలేదు. టైలర్ వాడే చాక్‌లో మైనం ఉన్నట్టుంది, దాని మీద సిరా అంటలేదు. కలంకారీవాళ్ళు చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీస్తారు. నేను మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర రెండు బొగ్గు ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. దులిపితే పోతుంది, సిరాని ఆపదు.

కలం కోసం వెదురుపుల్ల 15 సెం.మీ. కోసి ఒక కొన చెక్కాను. కొనకి రెండు సెంటీమీటర్లు పైన ఊలు చుట్టి దారంతో బిగించాలి. ఆ ఊలే సిరాని పట్టుకుంటుంది, వేళ్ళతో నొక్కితే కొన మీదికి దిగుతుంది. నేను 20 రూపాయల అల్లికల ఊలు చుట్టాను. అది యాక్రిలిక్, నీళ్ళు తాగదు. ముంచి ఎత్తగానే సిరా అంతా టపటపా కారిపోయింది.

పక్క పోర్షన్ ఆంటీ చూసి "ఊలు గాదమ్మా గిది, ప్లాస్టిక్. గొంగడి ముక్క ఉన్నది, కావాల్నా?" అని అడిగారు. వాళ్ళది సిద్దిపేట వైపు. గొర్రె బొచ్చు గొంగడి, అంచు చిరిగింది. రెండు వేళ్ళ వెడల్పు ముక్క ఇచ్చారు. అది చుట్టాక కలం కలంలా పనిచేసింది. ఒకసారి ముంచితే 20 సెం.మీ. దాకా గీత ఆగకుండా వచ్చింది. నొక్కు పెంచితే లావు, తగ్గిస్తే సన్నం.

అంతా బాగుందనుకున్నాను. సంచి 1 మీద ముగ్గు పూర్తిచేసి ఆరాక కొలిస్తే 2 మి.మీ. గీత 5 మి.మీ. అయింది, అంచులు వెంట్రుకల్లా పాకాయి. మెలికలు దగ్గరగా ఉన్నచోట రెండు గీతలూ కలిసిపోయి ముద్ద. పైగా లోపల పెట్టిన న్యూస్‌పేపర్ తడిసి వెనక వైపుకీ మరకలు దిగాయి.

పంచె మీద 3 మి.మీ. దగ్గర ఆగింది సంచి మీద 5 ఎందుకైంది? సంచి కుట్టు ఒకచోట విప్పి దారం విడదీసి చూశాను. దారం పైన పసుపుపచ్చగా ఉంది, లోపల తెల్లగా ఉంది. పంచె దారం సన్నం, సంచి దారం లావు. 15 నిమిషాల్లో కరక్కాయపాలు దారం లోపలికి దిగలేదు. పరీక్ష ఒక గుడ్డ మీద, పని ఇంకో గుడ్డ మీద చేశాను, తేడా అక్కడే వచ్చింది.

సంచి 1 కుట్లు విప్పేశాను. వెనక ముక్కలో 11 సెం.మీ. చదరాలు 9 కోశాను. మూడు మూడుగా విడదీసి మళ్ళీ అదే పాళ్ళలో కలిపిన కరక్కాయపాలలో వేశాను. మొదటి మూడూ ముంచలేదు, రెండో మూడూ 30 నిమిషాలు, చివరి మూడూ మధ్యమధ్యలో పిసుకుతూ 1 గంట. ఆరాక ఒక్కో గుంపులో ఒక ముక్కకి సిరా ఉన్నదున్నట్టు, ఒకదానికి తుమ్మజిగురు కొంచెం కలిపి, ఒకదానికి చిక్కగా కలిపి గీశాను. ఫలితం:

1. మళ్ళీ ముంచనివి, ఉత్త సిరా: 5 మి.మీ. జిగురుతో 3.
2. 30 నిమిషాలవి, ఉత్త సిరా: 4 మి.మీ. కొంచెం జిగురుతో 2.5.
3. గంట నానినవి, ఉత్త సిరా: 2.5 మి.మీ. జిగురుతో 2.
4. చిక్కటి జిగురు: ఏ ముక్క మీదా గీత సాగలేదు, గొంగడిలోంచి దిగనేలేదు.

గీసినంతసేపూ జిగురుదే పైచేయి అనిపించింది. ఉతికాక మాట మారింది. జిగురు కలిపిన గీతలు మధ్యమధ్య ఊడి బూడిదరంగు తేలాయి. జిగురు సిరాని గుడ్డ పైనే ఆపేసింది, లోపలికి పోనివ్వలేదు. గంట నానిన ముక్క మీద ఉత్త సిరా మాత్రం చెక్కుచెదరలేదు. అదే తీసుకున్నాను.

ఖర్చు: ఊలు 20, తుమ్మజిగురు 30, ఫుల్ క్రీమ్ అర లీటరు 37.
ఇప్పటివరకు: 499 రూపాయలు.

దశ 4: సంచి 2 (34వ రోజు నుంచి 38వ రోజు వరకు)

ఈసారి చేసిన వరుస ఇది. కాపీ చేసేవాళ్ళు ఇక్కడి నుంచి చేసుకుంటే చాలు.

1. ఉతికి ఆరిన సంచిని లోపలి వైపు బయటికి తిప్పి కరక్కాయపాలలో ముంచాను. పాళ్ళు ముందరివే: పొడి 30 గ్రాములు, నీళ్ళు 350, పాలు 250.
2. గంటసేపు ఉంచాను. 10 నిమిషాలకోసారి పిసికాను, ముఖ్యంగా కుట్ల దగ్గర.
3. గట్టిగా, సమానంగా పిండాను. ఒకచోట ఎక్కువ తడి మిగిలితే అక్కడ పసుపు ముదురుతుంది.
4. ప్లాస్టిక్ తాడు మీద, ఎర్రటి ఎండలో, మడత లేకుండా ఆరేశాను. సాయంత్రానికల్లా పూర్తిగా ఆరాలి. తడి మిగిలితే పాలు పులిసి వాసన పట్టుకుంటుంది.
5. లోపల అట్టముక్క, దాని మీద ప్లాస్టిక్ కవర్ చుట్టి పెట్టాను. వెనక్కి ఒక్క చుక్క దిగలేదు.
6. బొగ్గుతో 37 చుక్కలు. పై అంచు నుంచి మొదటి వరుస 13 సెం.మీ. కింద.
7. నేల మీద పాత కవర్లు పరిచి, చేతులకి గ్లవుజులు వేసుకున్నాను. సిరా టైల్స్ సందుల్లో పడితే పోదు.
8. గీత. మధ్య నుంచి బయటికి. చెయ్యి తడి గీతకి తగలకుండా సంచిని తిప్పుకుంటూ వేశాను.

గీయడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. గీసేటప్పుడు కలం వెనక రంగు మారడం చూడాలి. పడినప్పుడు టీ డికాషన్ రంగు. రెండు అంగుళాలు ముందుకెళ్ళి వెనక్కి చూస్తే బూడిద. చుక్క చుట్టూ తిరిగి వచ్చేసరికి నలుపు. మెలిక ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికి తిరిగి చేరినప్పుడు పాత గీత నల్లగా, కొత్త కొస గోధుమరంగులో ఉంటుంది. నిమిషంలో ఆ అతుకు కనపడకుండా పోతుంది. ఈ పని మొత్తంలో నాకు మళ్ళీ మళ్ళీ చేయాలనిపించే భాగం అదే.

ముగ్గు పూర్తయ్యాక కలం పక్కన పెడుతుంటే ఒక చుక్క ఖాళీ చోట పడింది. దీనికి మందు నిమ్మకాయ. దూదిపుల్లని నిమ్మరసంలో ముంచి చుక్క మీదే అద్ది, రెండు నిమిషాలకి తడి గుడ్డతో ఒత్తాలి. మూడుసార్లకి నలుపు పోయింది. చుట్టుపక్కల పసుపు కూడా కొంచెం తేలిపోయింది, దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. గీతకి ఆనుకుని ఉన్న మరకకి మాత్రం నిమ్మ వాడకండి, గీతని కూడా తినేస్తుంది.

ఒక రోజంతా ఆరనిచ్చి ఉతికాను. పరీక్ష ముక్కలు ఉతికినప్పుడు బకెట్‌లో ముంచాను, మిగులు సిరా నీళ్ళలో కలిసి ముక్కలన్నిటికీ బూడిద మసక పట్టింది. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున పారే నీళ్ళలో ఉతకడం వెనక కారణం అప్పుడు అర్థమైంది. వదిలిన రంగు మళ్ళీ గుడ్డ మీదికి రాకుండా నీళ్ళతో వెళ్ళిపోవాలి. ఈసారి సంచిని ఏటవాలు పలక మీద పరిచి, కుళాయి కింద 10 నిమిషాలు పారే నీళ్ళు పట్టించాను. సబ్బు వాడలేదు. ఆరాక గీత వెడల్పు 2.5 మి.మీ., గుడ్డ రంగు లేత గోధుమ, మసక లేదు. పాల వాసన కూడా పోయింది.

చెవుల మీద, అంటే భుజానికి తగిలించుకునే పట్టీల మీద, కూడా గీయాలని ఉన్నా మానేశాను. ఇనుము నలుపు ఏళ్ళు గడిచేకొద్దీ నూలుని పెళుసు చేస్తుంది. పాత బట్టల్లో నల్ల గీత ఉన్నచోటే ముందు చిరగడం అందుకే. బరువంతా మోసేది పట్టీలే కాబట్టి అక్కడ వద్దు.

ఖర్చు: కొత్తగా ఏమీ లేదు. నిమ్మకాయ ఇంట్లోదే.
ఇప్పటివరకు: 499 రూపాయలు.

దశ 5: గోడకి (39వ రోజు నుంచి 44వ రోజు వరకు)

గోడకి ఏం వేలాడదీయాలా అని ముందు నుంచీ వేరే ఆలోచన ఉండేది. తొమ్మిది పరీక్ష ముక్కలూ ఉతికి, ఇస్త్రీ చేసి నేల మీద పరిచాక ఆ ఆలోచన మానేశాను. పాకిన గీత, తేలిన గీత, నిలిచిన గీత, వరుసగా కనిపిస్తున్నాయి. మూడు వరుసలు, మూడు నిలువులు. వాటినే కుట్టాను.

అమ్మమ్మ నేత చీర ఒకటి, ఒంటి భాగం చిరిగి అంచు మాత్రం గట్టిగా ఉన్నది, దాచి ఉంచాను. ఆ అంచుని ముక్కల మధ్య పట్టీలుగా వేసి రన్నింగ్ కుట్టుతో కలిపాను. ముక్క చుట్టూ సెంటీమీటరు లోపలికి మడిస్తే 9 సెం.మీ. మిగిలింది. అంచు పట్టీలు 4 సెం.మీ. మొత్తం 35 × 35 సెం.మీ. అయింది. కింద అంచుకి చీరలకి వేసే కుచ్చులు 7. ఆరు సెంటీమీటర్ల అట్టముక్కకి పట్టుదారం 40 చుట్లు చుట్టి, పైన ముడివేసి, కింద కోయడమే. 30 చుట్లకి కుచ్చు పీలగా వచ్చింది, 60కి మెడ దగ్గర ఉబ్బింది.

వేలాడదీయడం దగ్గర ఒకరోజు పోయింది. అద్దె ఇంట్లో మేకు కొట్టొద్దని ముందే చెప్పారు. రెండు వైపులా అంటుకునే టేప్ కొని వెదురు బద్దని గోడకి అతికించాను. కుచ్చులతో సహా బరువు 210 గ్రాములు, టేప్‌కి అది పెద్ద బరువేం కాదు. రాత్రి మూడింటికి పడింది. టేప్ బాగానే పట్టుకుంది, ఊడింది గోడ సున్నం. అరచేతి వెడల్పున పొర టేప్‌తోపాటే వచ్చేసింది. డిస్టెంపర్ గోడకి టేప్ వద్దు.

చివరికి కిటికీ పైన వెంటిలేటర్ ఊచలకి కట్టాను. అవీ ఇనుమే, తుప్పు కూడా ఉంది, వానాకాలం మొదలైంది. ఉతికినా గుడ్డలో కరక్కాయ ఉంటుంది కాబట్టి తడి ఊచ తగిలితే మళ్ళీ నల్లబడుతుంది. అందుకని వెదురు బద్దకి రెండు వైపులా 12 సెం.మీ. నూలుదారం ఉచ్చులు వేసి, ఊచకి కట్టిన చోట ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడిగాను. గుడ్డ ఊచకి తగలనంత దూరంలో ఉంది.

ఖర్చు: వెదురు బద్ద 20, పట్టుదారం రీళ్ళు నాలుగు 40, టేప్ 45.
మొత్తం: 604 రూపాయలు.

ఇందులో కొత్త మేకులు, టోన్డ్ పాలు, ఊలు, జిగురు, టేప్ కలిపి 160 రూపాయలు వృథా. తప్పులు లేకుండా ఒక్క సంచి చేసుకునేవాళ్ళకి అయ్యేది ఇది: సంచి 80, కరక్కాయ 50, పాలు 37, బెల్లం 10, తాటిబెల్లం 40, పాత ఇనుము 15, తాడు 25. మొత్తం 257. ఆ కరక్కాయతో ఇంకో రెండు సంచులకి సరిపోతుంది, సిరా అయితే పది సంచులకైనా వస్తుంది.

47వ రోజు: మరమ్మతు

సంచి వాడకం మొదలుపెట్టాక రెండోసారి రైతుబజారుకి తీసుకెళ్ళినప్పుడు అడుగున నిమ్మకాయ ఒకటి చితికింది. ఇంటికొచ్చి చూస్తే ముగ్గు కింది వరుసలో మూడో మెలిక దగ్గర రూపాయి బిళ్ళంత మేర గీత మాయం.

వెంటనే సిరా పెట్టి దిద్దాను. నల్లబడలేదు, తుప్పు రంగులో ఆగిపోయింది. పులుపు ఇంకా గుడ్డలో ఉంది. అప్పుడు ఇలా చేశాను:

1. ఆ ఒక్క చోట కుళాయి కింద బాగా కడిగి ఆరబెట్టాను.
2. వడకట్టిన కరక్కాయ నీళ్ళలో కొంచెం పాలు కలిపి దూదితో రెండుసార్లు అద్దాను, మధ్యలో ఆరనిచ్చి.
3. పూర్తిగా ఆరాక కలంతో పాత గీత కొసల నుంచి కలిపాను.

ఈసారి నల్లబడింది. కొత్త గీత 3 మి.మీ., పాతది 2.5. నిమ్మకాయలు, చింతపండు, టమాటాలు ఇప్పుడు ముందు కవర్‌లో పెట్టి తర్వాతే సంచిలో వేస్తున్నాను. జాడీలో ఇంకా 600 మి.లీ. సిరా ఉంది. దిండు గలీబులు రెండు ఉతికి ప్లాస్టిక్ తాడు మీద ఆరేశాను, రేపు కరక్కాయపాలలో వేయాలి.